ఎనిమిది తొమ్మిదైన రోజు

ఆమె పని కాటాలు బాగుచెయ్యడం. కూరగాయల దుకాణంలోనో, పాత ఇనుము కొనేచోటో, ఆస్పత్రిలో పసిపిల్లల్ని తూచే గదిలోనో అంకెలు వెలగడం మానేస్తే ఆమెకు కబురు వచ్చేది. ఇంటి ముందు గదినే దుకాణం చేసుకుంది. గోడకానించి పొడవాటి బల్ల, దాని మీద సోల్డరింగ్ కడ్డీ, మెడ వంచుకుని నిలబడ్డ దీపం, తూకం రాళ్ళు. వీధిలో అందరూ ఆమెను కాటా అక్క అనేవారు. ఆమె కన్నా పెద్దవాళ్ళకూ ఆమె అక్కే.

"మా ఆవిడ బరువు కాస్త తగ్గించి చూపించే కాటా ఏదైనా ఉందా అక్కా? ఇంట్లో ప్రశాంతంగా ఉంటాను" అని పక్కింటి టైలరు అప్పుడప్పుడూ గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఆ విద్య మీ టేపుకి వచ్చు కదా. కాటాకెందుకు నేర్పడం" అని ఆమె తలెత్తకుండానే జవాబిచ్చేది.

ఆ ఇంట్లో ముగ్గురే ఉండేవారు. ఆమె భర్త టపా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. పది మాటలు పట్టేచోట ఒక్క మాటతో సరిపెట్టే మనిషి. మామగారు నూలు మిల్లులో టైం కీపరుగా చేసి రిటైరయ్యాడు. అత్తగారు పోయిన తరువాత పొద్దున్నే టీ పెట్టే పని ఆయన తన మీద వేసుకున్నాడు. కోడలు వద్దన్నా వినలేదు. "ఇంట్లో ఒక్క పనైనా నాది అనేది ఉండాలమ్మా" అన్నాడు.

ఇంటి బయట మాత్రం ఆయనకు ఇంకో పని ఉంది. మంచినీళ్ళ ట్యాంకు వెనక వాలీబాల్ మైదానంలో స్కోరు వేసేది ఆయనే. వయసులో ఉన్నప్పుడు మిల్లు జట్టులో ఆడాడు. ఒకరోజు వల దగ్గర ఎగిరి దిగడంలో మోకాలు మెలితిరిగింది. అది మళ్ళీ కుదురుకోలేదు. ఆట పోయింది గానీ మైదానాన్ని ఆయన వదల్లేదు. నల్ల రంగు పూసిన చెక్కబోర్డు, దానికి మేకులు, మేకులకు తగిలించే రేకు అంకెలు ఆయన చేతికి వచ్చాయి. పిల్లలు అంకెల తాత అని పేరు పెట్టారు.

ఆ మైదానంలో ఎన్ని క్లబ్బులు ఆడినా అసలు పోటీ మిల్లు జట్టుకూ బస్సు డిపో జట్టుకూ మధ్యే. ఆయన మిల్లు మనిషి. అయినా డిపో వాళ్ళు ఏనాడూ ఆయన లెక్కను శంకించలేదు. ఒకసారి మిల్లు వాళ్ళే ఆయన దగ్గరకొచ్చి, "తాతా, గోలలో ఎవడూ చూడడు, ఒక రేకు మార్చెయ్" అన్నారట. "నా చేతిలో ఉన్నవి రేకులురా. పాయింట్లు మీ చేతుల్లో ఉన్నాయి, పోయి వేసుకోండి" అన్నాడట. ఆ మాట రెండు జట్లలోనూ చాలాకాలం తిరిగింది.

ఒక వేసవి సాయంత్రం సుడిగాలి లేచి రేకు ఒకటి మేకు మీంచి ఊడింది. కింద కూర్చుని ఆట చూస్తున్న ఒకాయన చెవి పక్కన చీరేసుకుంటూ పోయింది. ఆయనకు కుట్లు పడ్డాయి. మర్నాడే క్లబ్బుల సంఘం అధ్యక్షుడు కాటా అక్క గుమ్మంలో ఉన్నాడు. ఆయనకు కూడలిలో మందుల షాపు ఉంది.

"అక్కా, కాటాలో అంకెలు వెలిగిస్తావు కదా. వాటినే మోచెయ్యంత పొడవున వెలిగించలేవా? మైదానం అవతలివాడికి కూడా కనపడాలి" అన్నాడు.

మామగారు అప్పుడే టీ గ్లాసులతో గదిలోకి వచ్చాడు. విన్నాడు. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం ఆమె చూసింది.

"ఆలోచించి చెప్తానండీ" అని అధ్యక్షుణ్ణి పంపించి మామగారి వెనకే వంటింట్లోకి నడిచింది.

"మామయ్యా, బోర్డు నేను చేస్తే మీటలు నొక్కేది మీరే. మీరు కాదంటే నేనూ కాదనేస్తాను."

"నాకు కరెంటు సంగతులేం తెలుసమ్మా."

"కరెంటు సంగతి నేను చూసుకుంటా. ఆట సంగతి మీరు చెప్పండి."

ఆయన గిన్నె కడిగి బోర్లించాడు. "మీటలు పెద్దవిగా ఉండాలి. నా వేళ్ళు మొద్దుబారాయి" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఆ పని అంత తేలిగ్గా తెమల్లేదు. కాటా అంకెను మనిషి జానెడు దూరంలోంచి చూస్తాడు, నీడలో చూస్తాడు. ఈ అంకెలు ఎర్రటి ఎండలో మైదానం అవతలికి కనపడాలి. ఆమె అట్టముక్కలు కత్తిరించి, రకరకాల సైజుల్లో అంకెలు చేసి, సెలవురోజు మధ్యాహ్నం భర్తను మైదానం చివర నిలబెట్టింది. ఆమె ఒక్కో అట్టా ఎత్తి పట్టుకోవడం, ఆయన అక్కడినుంచి చెయ్యి ఊపడమో ఊపకపోవడమో. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఏంటండీ, ఆవిడ మీకు మార్కులు వేస్తోందా?" అని ఎవరో అడిగితే, "పాసయ్యాను" అన్నాడాయన.

ఒక్కో అంకెకు ఏడు గీతలు. నిలువు గీతలు నాలుగు, అడ్డగీతలు మూడు. ఏడూ వెలిగితే ఎనిమిది. కింద ఎడమవైపు నిలువు గీత ఒక్కటి ఆరితే తొమ్మిది. కాటాలోనైనా గడియారంలోనైనా ఇదే పద్ధతి. ఆమె ఒక్కో గీతలో వరసగా ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు పెట్టింది. ఎండ పడి వెలవెలబోకుండా వెనక మెరుపులేని నల్లరంగు వేసింది, పైన రేకుతో చూరులాంటిది దింపింది. మొదటి నమూనా వానకు తడిసి చచ్చింది. రెండో దానిలో దీపాలు వేడికి మాడిపోయాయి. మూడోది నిలబడింది.

మీటల పెట్టె మాత్రం పూర్తిగా మామగారి ఆలోచన. ఒక జట్టుకు గుండ్రటి మీట, ఇంకో జట్టుకు పలకల మీట పెట్టమన్నాడు. "కన్ను బంతి మీదే ఉండాలి. వేలు తడుముకుని దాని పని అది చేసుకుపోవాలి" అన్నాడు. పెట్టె మీద తనకు కనపడేలా చిన్న అంకెలు అడిగాడు, ఎందుకంటే ఆయన కూర్చునే బల్ల బోర్డుకు సరిగ్గా కిందే ఉంటుంది, పైన ఏం వెలుగుతోందో ఆయనకు కనపడదు. ఇంకోటి కూడా అడిగాడు, ఒక్కో జట్టుకూ ఒక అంకె వెనక్కి తెచ్చే మీట.

"తప్పు నొక్కినవాడికి వెనక్కి వచ్చే దారి ఉండాలమ్మా. రేకుల్లో ఆ సుఖం ఉండేది."

బోర్డు ఎక్కిన రోజు రెండు జట్ల వాళ్ళూ చప్పట్లు కొట్టారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆట మధ్యలో ఒక్కసారి కూడా పెట్టెవైపు చూడకుండా నొక్కాడు. ఇంటికొచ్చాక, "వేలు దారి పట్టింది" అన్నాడు. అంతకు మించి పొగడ్త ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. నెల తిరక్కుండా ఈత కొలను క్లబ్బు వాళ్ళూ, ఒక స్కూలు వాళ్ళూ తమకూ ఇలాంటిదే కావాలని వచ్చారు.

ఆ ఏడాది ఫైనల్లో మిల్లూ డిపో తలపడ్డాయి. మిల్లు ఒక సెట్టు ముందుంది. నాలుగో సెట్టులో ఇద్దరూ పద్దెనిమిది దగ్గర ఉన్నారు. ఆ సెట్టు డిపో గెలవకపోతే కప్పు మిల్లుదే. డిపో కెప్టెన్ బస్సు డ్రైవరు, పొడగరి. అతను గాలిలోకి లేచి కొట్టిన బంతి మిల్లు వాళ్ళ చేతులకు తగిలి, మైదానం దాటి, వచ్చి బోర్డుకు దభీమని కొట్టుకుంది. పాయింటు డిపోది. మామగారు పలకల మీట నొక్కాడు.

పైన బోర్డు మీద డిపోకు పందొమ్మిది పడింది. అదే క్షణంలో మిల్లుకూ పందొమ్మిది పడింది.

జనానికి కనిపించింది అంతే. డిపోకు న్యాయంగా రావలసిన పాయింటు ఇస్తూ, మిల్లు మనిషి మిల్లుకు ఇంకొకటి కలిపాడు.

గోల లేచింది. మామగారు పెట్టె వైపు చూసుకున్నాడు. పెట్టె మీద డిపో పందొమ్మిది, మిల్లు పద్దెనిమిది. "సరిగ్గానే ఉంది కదా" అన్నాడు. "పైకి చూడు, పైకి" అని నలుగురు ఒక్కసారే అరిచారు. ఆయన బల్ల పట్టుకుని లేచి, కుంటుకుంటూ ముందుకొచ్చి తలెత్తి చూశాడు. మిల్లు పందొమ్మిది.

వెనక్కి వెళ్ళి, పెట్టెను వైరు సాగినంత ముందుకు తెచ్చుకుని, బోర్డు చూస్తూ మిల్లుకు ఒక అంకె తగ్గించే మీట నొక్కాడు. బోర్డు మీద పదిహేడు పడింది. ఈసారి మిల్లు వైపు నుంచి కేకలు. "రెండు పీకేశాడు, ముసలాయనకి మతి పోయింది." ఆయన మళ్ళీ ఒకటి కలిపాడు. పదిహేడు మీద ఒకటి కలిపితే పందొమ్మిది వచ్చింది.

కాటా అక్క మైదానం అవతలివైపు ఆడవాళ్ళ మధ్య ఉంది. ఆమె చూసిందీ అదే అంకె. ఒక్క క్షణం ఆమె మనసులోనూ వచ్చింది, మామయ్య వేలు జారిందని. ఆ క్షణాన్ని ఆమె తరువాత ఎన్నిసార్లు తుడుచుకోవాలని చూసినా అది పోలేదు. జనాన్ని తోసుకుంటూ ఇవతలికి వచ్చేసరికి డ్రైవరు బల్ల దగ్గరికి చేరాడు. మామగారి చొక్కా గుండెల దగ్గర పట్టుకుని ఉన్నాడు.

"మిల్లు జీతం తిన్న చెయ్యి మిల్లుకే వేస్తుంది. ఇన్నాళ్ళూ రేకుల్తో వేశావు, ఇప్పుడు మీటల్తో వేస్తున్నావు."

మామగారు పెనుగులాడలేదు. డ్రైవరు చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఎవరో విడిపించారు. రిఫరీ ఈల వేసి, తన కాగితం చూసి స్కోరు పైకి చెప్పాడు. డిపో పందొమ్మిది, మిల్లు పద్దెనిమిది. బోర్డు ఆర్పేయమన్నాడు. ఆట మళ్ళీ మొదలైంది గానీ డిపో వాళ్ళ మనసు ఆటలో లేదు. సెట్టూ పోయింది, కప్పూ పోయింది. పోయినవాళ్ళకు కారణం ఒకటి దొరికింది.

ఇంటికి నడుస్తుంటే మామగారి చొక్కాకు పై బొత్తాం లేదు. భర్త ఒక పక్క, ఆమె ఒక పక్క నడుస్తున్నారు. మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"జారిందేమోనమ్మా నా వేలు. నాకు తెలీకుండానే జారిందేమో."

జారలేదని అప్పటికి ఆమెకూ తెలియదు.

తెల్లవారాక భార్యాభర్తలిద్దరూ బోర్డును దింపి తోపుడు బండి మీద ఇంటికి తెచ్చారు. వెనక పలక విప్పి, ఒక్కొక్క వైరూ భూతద్దం కింద చూస్తూ పోతే దొరికింది. మిల్లు వైపు రెండో అంకెలో, కింద ఎడమ నిలువు గీతకు కరెంటు తెచ్చే అతుకు పగిలి ఉంది. వెంట్రుకంత చీలిక. బంతి దెబ్బకు ఊడింది. ఎనిమిదిలో ఆ గీత ఆరిపోతే మిగిలేది తొమ్మిది. ఏడుకు ఆ గీతతో పనేలేదు, అందుకే పదిహేడు సరిగ్గా పడింది.

ఆమె భూతద్దం పక్కన పెట్టింది. దీపం ఆరిపోవడం ఎవరికైనా తెలుస్తుంది. ఇక్కడ ఒక గీత ఆరి, ఆరినట్టే తెలియకుండా ఇంకో అంకె అయింది. వంకర అంకె పడితే అనుమానం వచ్చేది. ఇది నిజంలాగే ఉంది. తను బాగుచేసే ప్రతి కాటా మీట వెయ్యగానే ముందు అన్నీ ఎనిమిదులు చూపిస్తుంది, గీతలన్నీ బతికే ఉన్నాయని చూపించుకోవడానికి. రోజూ కళ్ళతో చూసేదాన్ని తన బోర్డులో పెట్టడం తనకు తోచలేదు.

మామగారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"అయితే నేను తప్పు నొక్కలేదా?"

"లేదు మామయ్యా. తప్పు నాది."

"పదిహేడు మీద ఒకటి వేస్తే పందొమ్మిది వచ్చింది. నా కళ్ళతో చూశాను. నాకు పిచ్చెక్కిందనుకున్నాను" అన్నాడు. ఊరట పడ్డట్టు లేదు ఆయన ముఖం. ఎక్కడో దెబ్బ తగిలి, తగిలింది ఎక్కడో ఇప్పుడు తెలిసినవాడిలా ఉన్నాడు.

సాయంత్రం అధ్యక్షుడు వచ్చాడు. పగిలిన అతుకు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇది బయటికెందుకక్కా? అతుకు వేసెయ్. పెద్దాయన కదా, వయసు మీద తోసేద్దాం. నాలుగు రోజులు అనుకుంటారు, మర్చిపోతారు. బోర్డే తప్పు చూపిందంటే మాత్రం ఎవడూ నమ్మడు. నీకు వచ్చిన పనీ పోతుంది."

ఆమె భర్త గది మూలన నిలబడి ఉన్నాడు. ఆయన పెళ్ళైన ఇన్నేళ్ళలో బయటివాళ్ళ మాటకు అడ్డు రావడం ఆమె చూడలేదు.

"ఆ పెద్దాయన మా నాన్నండీ" అన్నాడు.

అధ్యక్షుడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అతుకు వెయ్యలేదు. పగిలింది పగిలినట్టే ఉంచి పలక బిగించింది. మర్నాడు బస్సు డిపోకు వెళ్ళింది. డ్రైవరు బస్సు చక్రం పక్కన గొంతుక్కూర్చుని గాలి చూస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు గానీ పలకరించలేదు.

"ఆదివారం పొద్దున మైదానానికి రా తమ్ముడూ. నీ జట్టుని కూడా తీసుకురా."

"ఎందుకక్కా? మళ్ళీ ఆడిస్తారా?"

"ఆడించడానికి కాదు. నీకు ఒకటి చూపించాలి."

"మీ మామగారి తరఫున చెప్పడానికొచ్చావా?"

"ఆయన నన్ను పంపలేదు. ఆయన రెండ్రోజులుగా ఇల్లు కదల్లేదు. నా తరఫున వచ్చాను."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "వస్తాలే" అన్నాడు.

ఆదివారం రెండు జట్లూ వచ్చాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు అంతకు మించి ఉన్నారు. మామగారు రానన్నాడు. "నేనొస్తే వాళ్ళు నా ముఖం చూస్తారు, బోర్డు చూడరు" అన్నాడు. ఆమె బోర్డు తగిలించి, మీటల పెట్టెను డ్రైవరు చేతికిచ్చింది.

"నొక్కు. నీ వేలితో నువ్వే నొక్కు. ఒక్కొక్కటీ పైకి చెప్తూ నొక్కు."

అతను మిల్లు జట్టు గుండ్రటి మీట నొక్కుతూ లెక్కపెట్టాడు. కింద ఎడమ గీత చచ్చిపోయింది కనక సున్నా, రెండు, ఆరు వంకరగా పడ్డాయి. ఆరు అయిదులా ఉంది. జనంలో నవ్వులు వచ్చాయి. పదిహేడు సరిగ్గా పడింది. "పద్దెనిమిది" అని అతను మీట నొక్కాడు. పైన పందొమ్మిది వెలిగింది.

నవ్వులు ఆగిపోయాయి. అతను చేతిలోని పెట్టె చూశాడు. పద్దెనిమిది. తలెత్తాడు. పందొమ్మిది. వెనక్కి తెచ్చి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

మిల్లు కెప్టెన్‌కు గెలిచిన ఉషారు ఇంకా తగ్గలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నారు, పాపం మా తాత మీద పడ్డారు" అన్నాడు.

ఆమె అతనివైపు తిరిగింది. "లేదు తమ్ముడూ. ఈసారి మద్దెలే ఓడు. నేను చేసిన మద్దెల. అతను చూసింది పందొమ్మిదే, నువ్వు చూసిందీ పందొమ్మిదే. మామయ్య వేసింది పద్దెనిమిది. మధ్యలో తప్పింది నా పని."

ఆమె పలక విప్పి, పగిలిన అతుకును రావాలనుకున్నవాళ్ళందరికీ చూపించింది. ఒక్కొక్కరూ వంగి చూసి పక్కకు తప్పుకున్నారు. ఈత కొలను క్లబ్బు కార్యదర్శి కూడా చూశాడు. ఆ వారంలోనే తమకు బోర్డు అక్కర్లేదని కబురు పంపాడు.

అక్కడినుంచి డ్రైవరు నేరుగా వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె వెనకాల చేరేసరికి అతను వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాడు, మామగారు కుర్చీలో ఉన్నాడు.

"తప్పయింది పెద్దాయనా."

"కూర్చో."

అతను మెట్టు మీదే కూర్చున్నాడు.

"నువ్వు చూసింది తొమ్మిదే కదా. నేను నీ చోట ఉంటే నేనూ అరిచేవాణ్ణి" అన్నాడు మామగారు. "అరిచినందుకు నాకేం లేదు. నన్నొక్క మాట అడగాల్సింది. తాతా, ఎంత వేశావు, అని. ఇన్నేళ్ళు చూశావు కదా నన్ను."

డ్రైవరు తల వంచుకున్నాడు. మామగారు లోపలికి వెళ్ళి, టీ పెట్టి, గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చాడు.

ఆ తరువాత ఆమె బోర్డును మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. అతుకులు గట్టివి వేసింది, ముందు దళసరి పారదర్శక పలక బిగించింది. అయినా ఎంత గట్టి అతుకైనా ఒకనాడు ఊడకపోదని ఆమెకు తెలుసు. ఊడకుండా చేయడం కాదు, ఊడినప్పుడు అబద్ధం చెప్పకుండా చేయడం తన పని అని నిశ్చయించుకుంది. ప్రతి సెట్టుకూ ముందు అంకెలన్నీ ఒకసారి ఎనిమిదులై వెలగాలి. అది సులువే. ఆట మధ్యలో ఊడితే? వెలగాల్సిన ప్రతి గీతలోనూ కరెంటు నిజంగా పారుతోందో లేదో బోర్డు తనే ఎప్పటికప్పుడు చూసుకోవాలి. ఒక్క గీతలో పారకపోయినా ఆ అంకె మొత్తం ఆరిపోవాలి.

దీనికే నెలలు పట్టింది. మొదట్లో బోర్డు మరీ పిరికిదైంది, ఎండ ఎక్కువైనా ఆరిపోయేది, ఫ్యాను వేసినా ఆరిపోయేది. "మీ అత్తయ్య కూడా ఇలాగే ఉండేదమ్మా, పిల్లి దూకినా దొంగలనేది" అన్నాడు మామగారు ఒకరోజు. ఆ గొడవ తరువాత ఆయన చమత్కారంగా మాట్లాడటం అదే మొదలు. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కుదిరిందనుకున్నాక ఆమె ఆయన్ను ముందు గదిలోకి పిలిచింది. బోర్డు గోడకు ఆనించి ఉంది. పద్దెనిమిది వెలుగుతోంది.

"మీకు నచ్చిన వైరు ఒకటి పీకండి మామయ్యా."

ఆయన వెనక్కి వెళ్ళి, తడుముకుని, ఒకటి లాగాడు. ఎనిమిది మొత్తం ఆరిపోయింది. పక్కన ఒకటి మాత్రం వెలుగుతూ ఉండిపోయింది. ఆయన ముందుకొచ్చి ఆ ఖాళీని చూశాడు. మళ్ళీ తగిలించాడు, ఇంకోటి లాగాడు. మళ్ళీ ఖాళీ.

"తెలియనప్పుడు తెలియదంటోంది" అన్నాడు. "మనుషుల్లో కూడా తక్కువమందికి వచ్చమ్మా ఇది."

"మరి వచ్చే ఆటకి కూర్చుంటారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు జట్ల వాళ్ళూ అంతకుముందే ఇంటికొచ్చి అడిగారు. వాళ్ళకు మోకాలు నొప్పి అని చెప్పాడు. కోడలికి మాత్రం నిజం చెప్పాడు.

"ఇప్పుడు మీట నొక్కే ముందు వేలు నన్ను అడుగుతోంది, జారతానా, అని. అలా అడిగే వేలుతో లెక్క వెయ్యకూడదమ్మా. తప్పు నీ అతుకుదే. నేను కాదన్లేదు. కానీ ఆ రోజు నేనే నన్ను నమ్మలేదు చూడు, అది మళ్ళీ అతుక్కోలేదు."

ఆమె బతిమాలలేదు. బతిమాలితే ఆయన ఒప్పుకునేవాడేమో. ఒప్పుకోవడం వేరు, కూర్చోవడం వేరు అని ఆమెకు తెలుసు.

ఆ ఏడు డ్రైవరు భుజం నొప్పితో ఆట మానేశాడు. స్కోరు బల్ల దగ్గర తను కూర్చుంటానని అడిగాడు. మిల్లు వాళ్ళు గొణిగారు గానీ మామగారు, "కూర్చోనివ్వండి. ఆ కుర్చీ ఎంత ఇరుకో తెలుస్తుంది" అన్నాడు. సాయంత్రాలు ఆయన వెళ్ళి డ్రైవరు పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ఆట చూసేవాడు. మీటల మీద చెయ్యి వెయ్యలేదు, సలహా చెప్పలేదు. డ్రైవరు మాత్రం ప్రతి సెట్టు చివరా, "సరే కదా పెద్దాయనా?" అని అడిగేవాడు. ఆయన "ఊఁ" అనేవాడు.

మరుసటి వానాకాలం జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ తిరగబెట్టి మామగారు పోయాడు. చివరి రోజుల్లో మైదానం ఊసు ఎత్తలేదు. టీలో పంచదార ఎక్కువైందని కోడల్ని కసిరాడు, కొడుకుని గడ్డం గీసుకోమన్నాడు. పాడెకు భుజం పట్టిన నలుగురిలో డ్రైవరు ఒకడు, మిల్లు కెప్టెన్ ఒకడు. ఇద్దరిదీ ఒక ఎత్తు కాదు, దారంతా పొట్టివాడు మునివేళ్ళ మీద నడిచాడు.

కాటా అక్క బోర్డులు చేస్తూనే ఉంది. అంతకన్నా చవగ్గా, ఇంకా తళతళలాడే బోర్డులు బజారులోకి వచ్చాయి. "మీ బోర్డు ఆట మధ్యలో ఆరిపోతుందట కదండీ, అవి ఆరిపోవట" అని కొన్ని క్లబ్బులు మొహం చాటేశాయి. "అవును, ఆరిపోతుంది" అనేది ఆమె. ఎందుకు ఆరిపోతుందో అడిగినవాళ్ళకు కూర్చోబెట్టి చెప్పేది. అడగనివాళ్ళ వెంట పడేది కాదు. ఈత కొలను వాళ్ళు మాత్రం ఒకసారి అడిగారు, విన్నారు, తీసుకెళ్ళారు.

మొన్నొక సాయంత్రం మైదానంలో స్కూలు ఆడపిల్లల జట్లు ఆడుతున్నాయి. ఆట మంచి పట్టులో ఉండగా ఒకవైపు అంకె ఆరిపోయింది. డ్రైవరు చెయ్యెత్తాడు. రిఫరీ ఈల వేసి స్కోరు పైకి చెప్పింది. రెండు జట్ల పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ విన్నారు. ఎవరూ లేవలేదు, ఎవరూ కేక వెయ్యలేదు. కాటా అక్క సంచి తీసుకుని బోర్డు వెనక్కి వెళ్ళింది. వైర్లు కలిసే కనెక్టరులో చెమ్మ చేరింది. గుడ్డతో తుడిచి, ఊది, తిరిగి బిగించింది. అంకె వెలిగే లోపు పిల్లలు నీళ్ళు తాగి, జడలు బిగించుకుని, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు.